మెనింజియోమా: స్కాన్ నుంచి చికిత్స దాకా, నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను నెల్లూరులో ఎమ్మారై టెక్నీషియన్‌ని. ఉదయగిరి, కావలి, కందుకూరు, కనిగిరి, ఇంకా దూరం నుంచి కూడా స్కాన్‌కి వస్తుంటారు. రిపోర్టు చేతికి రాగానే అందులో 'మెనింజియోమా' అన్న మాట చూసి గుండె జారిపోయి, డాక్టరు దగ్గరికి వెళ్ళేలోపు నన్నే అడుగుతారు. 'అబ్బయా, ఇది ఏంది? మనిషి బతుకుతాడా?' అని. నేను డాక్టర్ని కాదు. అయినా ఇన్నేళ్ళుగా రేడియాలజిస్టుల పక్కన కూర్చుని నేర్చుకున్నది ఉంది. మా మేనత్తకి ఇదే జబ్బు వచ్చినప్పుడు ఇంటి మనిషిగా తెలుసుకున్నదీ ఉంది. ఆ రెండూ కలిపి ఇక్కడ రాస్తున్నాను. మీ ఫిల్ము చూసిన డాక్టరు మాటే మీకు ప్రమాణం. ఆయన ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలియడానికి ఇది పనికొస్తే చాలు.

మెనింజియోమా అంటే మెదడులో గడ్డేనా?

తల లోపలి గడ్డే, కానీ మెదడులో పుట్టింది కాదు. కొబ్బరికాయ పగలగొట్టినప్పుడు చిప్పకీ తెల్లటి కొబ్బరికీ మధ్య గోధుమరంగు పొట్టు కనిపిస్తుంది కదా, అలాగే పుర్రెకీ మెదడుకీ మధ్య పొరలు ఉంటాయి. మొత్తం మూడు. బయటిది తోలులా గట్టిగా ఉంటుంది, దాన్ని డ్యూరా అంటారు. మధ్యది సాలెగూడులా పలచన, లోపలిది మెదడుకి అంటుకుని ఉంటుంది. మధ్య పొరలోని కణాల నుంచి ఈ గడ్డ పుడుతుంది, డ్యూరాని పట్టుకుని పెరుగుతుంది, పెరిగేకొద్దీ మెదడుని పక్కకి నెడుతుంది. చాలామందిలో మెదడులోకి చొరబడదు. ఆపరేషన్ చేసే డాక్టరుకి ఇది పెద్ద ఊరట.

మెనింజియోమా అన్న పేరు 1922లో అమెరికా న్యూరోసర్జన్ హార్వీ కుషింగ్ పెట్టాడు. పెద్దవాళ్ళకి తల లోపలే పుట్టే గడ్డల్లో ఎక్కువగా కనిపించేది ఇదే, మూడింట ఒక వంతుకి పైనే ఉంటాయి.

ఇది క్యాన్సరా?

ఎక్కువ మందిలో కాదు. గడ్డ ముక్కని మైక్రోస్కోపు కింద చూసి 1, 2, 3 అని గ్రేడు ఇస్తారు. పదిమందిలో సుమారు ఎనిమిది మందికి గ్రేడు 1 వస్తుంది. అది నెమ్మదిగా పెరుగుతుంది, ఒంట్లో వేరే చోటికి పాకదు. గ్రేడు 2 తీసినా మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ. గ్రేడు 3 క్యాన్సరులా ప్రవర్తిస్తుంది, అది వందలో ఒకరిద్దరు, ముగ్గురికి. 2021 నుంచి కొన్ని జన్యు మార్పులు కనిపిస్తే, మైక్రోస్కోపు కింద మామూలుగా ఉన్నా గ్రేడు 3 కిందే లెక్క వేస్తున్నారు.

'క్యాన్సర్ కాదు' అనగానే 'అయితే వదిలేద్దాం' అనుకునే వాళ్ళనీ చూశాను. పుర్రె లోపల ఖాళీ జాగా ఉండదు. చెడ్డ గడ్డ కాకపోయినా కంటి నరం మీద కూర్చుంటే చూపు పోతుంది.

మా ఇంట్లో మనిషికే ఎందుకొచ్చింది? సెల్‌ఫోన్ వల్లా?

చాలామందిలో ఫలానా కారణమని చెప్పలేరు. వయసు పెరిగేకొద్దీ ఎక్కువ. ఆడవాళ్ళలో మగవాళ్ళ కంటే రెండు మూడింతలు ఎక్కువ. చిన్నప్పుడు తలకి రేడియేషన్ ఇచ్చిన వాళ్ళలో చాలా ఏళ్ళ తర్వాత వస్తుంది. ఎన్‌ఎఫ్2 అనే వంశపారంపర్య జబ్బు ఉన్నవాళ్ళకి ఒకటికి మించి వస్తాయి. సెల్‌ఫోన్ వల్ల వస్తుందని పెద్ద అధ్యయనాల్లో తేలలేదు. తలకి నూనె పెట్టకపోవడం వల్లో, ఎండలో తిరగడం వల్లో, ఎవరి దిష్టో తగలడం వల్లో వచ్చేది కాదు. ఆ మాట ఇంటి కోడలి మీద పెట్టకండి.

హార్మోన్ల సంగతి మాత్రం చెప్పాలి. మూడు నెలలకోసారి వేసే పిల్లలు పుట్టకుండా ఉండే ఇంజెక్షన్, మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో 'అంతర' పేరుతో ఇచ్చేది, మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ మందు. 2024లో ఫ్రాన్స్ పరిశోధకులు ఏడాదికి పైగా ఈ మందు వాడిన వాళ్ళలో ఆపరేషన్ దాకా వెళ్ళే మెనింజియోమా ముప్పు ఐదింతలకు పైగా ఉందని చెప్పారు. భయపడి రేపటి డోసు మానెయ్యకండి. మొదట్నుంచీ ముప్పు చాలా తక్కువ కాబట్టి ఐదింతలైనా తక్కువే. కానీ మెనింజియోమా ఉందని తేలిన ఆడమనిషి ఇలాంటి ఇంజెక్షను గానీ, హార్మోన్ మాత్రలు గానీ వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. అడిగేదాకా ఆగొద్దు.

ఏ లక్షణాలతో బయటపడుతుంది?

గడ్డ ఎక్కడుందో దాన్ని బట్టి. నడినెత్తి దగ్గరుంటే కాలు బలహీనపడుతుంది. పక్కన ఉంటే చెయ్యి, మాట. కంటి నరాల దగ్గర ఉంటే చూపు పక్కల నుంచి తగ్గుతుంది. చెవి వెనక ఉంటే వినికిడి, నడకలో తూలు. ముక్కు పైభాగంలో ఉంటే వాసన పోతుంది. ఫిట్స్, తలనొప్పి ఎక్కడున్నా రావచ్చు.

మా మేనత్తది కోవూరు దగ్గర పల్లె. చేపల పులుసు ఆమె చేతిది తిన్నవాళ్ళు మర్చిపోరు. ఒకరోజు పులుసు అడుగంటి ఇల్లంతా మాడు వాసన కమ్మేస్తే, పొయ్యి పక్కనే కూర్చుని ఆమెకి తెలియలేదు. మా మామ నవ్వేశాడు. తర్వాత ఏడాది పాటు ఆమె నెమ్మదించిపోయింది. పిలిస్తే పలకదు, పండక్కి చీర కొనమని అడగదు, ఎప్పుడూ గొడవపడే తోటికోడలితో కూడా గొడవ పడదు. 'వయసు' అన్నారు. ఒకచోట మనోవ్యథకి మాత్రలిచ్చారు. ఇంకోచోట కంటిలో శుక్లం అని ఆపరేషన్ చేసి పంపారు, చూపు మెరుగుపడలేదు. ఏడాదిన్నర అయ్యాక నేనే పట్టుబట్టి స్కాన్ చేయించాను. ముందు భాగంలో బత్తాయి అంత గడ్డ. నా స్క్రీన్ మీద, నా చేతుల మీదుగా వచ్చిన బొమ్మ అది. చేతులు వణికాయి.

అందుకే చెబుతున్నాను. వాసన పోవడం, మనిషి తీరు మారిపోవడం, అద్దాలు మార్చినా శుక్లం తీసినా చూపు రాకపోవడం, ఇవి తలనొప్పి లేకపోయినా స్కాన్ చేయించాల్సిన సంగతులు.

మొదటిసారి ఫిట్స్ వచ్చింది. ఏం చెయ్యాలి?

పక్కకి తిప్పి పడుకోబెట్టండి. చుట్టూ ఉన్న రాళ్ళు, సామాను జరపండి. నోట్లో చెంచా పెట్టొద్దు, చేతిలో తాళాల గుత్తి పెట్టినంత మాత్రాన తగ్గదు. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండా మళ్ళీ వచ్చినా 108కి ఫోన్ చెయ్యండి.

మన దగ్గర ఫిట్స్‌కి మెదడులో పురుగు తిత్తులు, టీబీ గడ్డలు కూడా మామూలు కారణాలే. అందుకే ఫిట్స్ అనగానే మెనింజియోమా అనుకోనక్కర్లేదు. నలభై దాటాక మొదటిసారి వస్తే మాత్రం స్కాన్ లేకుండా మాత్రలు మాత్రమే మింగుతూ కూర్చోకూడదు.

ఫిట్స్ వచ్చిన మనిషి డాక్టరు సరే అనేదాకా బండి నడపకూడదు. రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలాకి ఒంటరిగా పోకూడదు. మైపాడు, కొత్తపట్నం వైపు వేటకెళ్ళే వాళ్ళు పడవ ఎక్కకూడదు. ఈ మాట చెబితే 'పని మానేస్తే ఎట్టా?' అంటారు. ఆ బాధ నాకు తెలుసు. అయినా మోకాలి లోతు నీళ్ళు చాలు, ఫిట్స్ వచ్చిన మనిషి ప్రాణం పోవడానికి.

సీటీ తీశారు, చాలదా? మళ్ళీ ఎమ్మారై ఎందుకు?

సీటీ తొందరగా అవుతుంది, ఎమర్జెన్సీలో అదే మేలు. రక్తం చిమ్మిందా, గడ్డలో సున్నం పేరుకుందా, పుర్రె ఎముక మందం అయిందా అన్నవి సీటీలో బాగా తెలుస్తాయి. మెనింజియోమాలు కొన్నిటిలో సున్నం ఉంటుంది, సున్నం ఎక్కువున్నవి సాధారణంగా నిదానంగా పెరుగుతాయి. కానీ గడ్డని మెరిపించే మందు ఇంజెక్షన్ ఇవ్వని మామూలు సీటీలో చిన్న గడ్డ, పుర్రె అడుగున ఉన్న గడ్డ మెదడు రంగులోనే కలిసిపోయి కనబడకుండా పోవచ్చు. 'సీటీలో ఏమీ లేదన్నారు' అని రెండేళ్ళు ఊరుకున్న వాళ్ళున్నారు.

ఎమ్మారైలో నరాలు, రక్తనాళాలు, గడ్డ అంచులు విడివిడిగా కనిపిస్తాయి. పైగా అందులో ఎక్స్‌రే కిరణాలు లేవు, అయస్కాంతం, రేడియో తరంగాలు మాత్రమే. ఏటేటా తీయాల్సిన జబ్బుకి ఇది ముఖ్యం.

స్కాన్ గదిలోకి వెళ్ళే ముందు ఏమేం తీసెయ్యాలి? తాళి కూడానా?

రోజూ వినే ప్రశ్న ఇదే, దీనికి నేను తొందరపడి జవాబు చెప్పను. గది లోపల అయస్కాంతం ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, స్కాన్ లేనప్పుడు కూడా. ఇనుము లోపలికి తీసుకెళ్తే తుపాకీ గుండులా ఎగిరి వస్తుంది. సేఫ్టీ పిన్నులు, జడ పిన్నులు, మొలతాడుకి కట్టిన తాయెత్తులు, సెల్‌ఫోన్, ఏటీఎం కార్డు, వినికిడి మిషన్, కట్టుడు పళ్ళు అన్నీ బయటే ఉండాలి.

తాళి తీయమంటే పెద్దావిడలు చాలామంది వెనక్కి తగ్గుతారు. మా దగ్గర పసుపు కొమ్ము కట్టిన పసుపు తాడు ఒకటి ఎప్పుడూ డబ్బాలో ఉంచుతాం. ముందు అది మెడలో కట్టుకుని, తర్వాత తాళి తీసి కూతురి చేతిలో పెడతారు. మెట్టెలు ఊడి రాకపోతే సబ్బు నీళ్ళు రాస్తాం. దీనికి పది నిమిషాలు పట్టినా పట్టనివ్వాలి. అరిచి తీయించే పని కాదిది.

గుండెలో పేస్‌మేకర్, మెదడు రక్తనాళానికి పెట్టిన పాత క్లిప్పు, చెవిలో అమర్చిన మిషన్ ఉంటే ముందే చెప్పండి, కాగితాలుంటే తెండి. కాలికి రాడ్డు వేసిన వాళ్ళకి చాలావరకు ఇబ్బంది లేదు, అయినా చెప్పండి. వెల్డింగు పని, లేతు మిషన్ పని చేసేవాళ్ళు, చీమకుర్తి వైపు క్వారీల్లో ఇనుప ఉలితో రాయి చెక్కే వాళ్ళు, ఎప్పుడైనా కంట్లో ఇనుప రజను పడి ఉంటే తప్పకుండా చెప్పాలి. అయస్కాంతం ఆ రజనుని కదిలిస్తే కన్ను దెబ్బతింటుంది. అనుమానం ఉంటే ముందు ఎక్స్‌రే తీస్తాం.

గుహలో పెట్టినట్టు ఉంటుందట. మా అమ్మ తట్టుకోదు.

సుమారు అరగంట, ఒక్కోసారి ముప్పావు గంట. రాళ్ళ క్రషర్ పక్కన నిలబడ్డట్టు చప్పుడు. చెవులకి దూది, హెడ్‌ఫోన్ పెడతాం, చేతికి రబ్బరు బల్బు ఇస్తాం, నొక్కితే ఆపి వస్తాం. ఇంట్లో వాళ్ళు ఒకరు ఒంటి మీద ఇనుము లేకుండా చూసుకుని లోపల ఉండొచ్చు. ఉదయగిరి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ రెండుసార్లు బల్బు నొక్కి బయటికొచ్చేసింది. మూడోసారి మనవరాలు లోపల నిలబడి స్కాన్ అయ్యేదాకా ఆమె కాలి బొటనవేలు పట్టుకునే ఉంది. ముప్పై ఐదు నిమిషాలు కదలలేదు ఆవిడ. అప్పటికీ కుదరకపోతే మత్తు డాక్టరుని పిలుస్తారు.

ఇంజెక్షన్ లేకుండా తీయరా? అది కిడ్నీలకి మంచిది కాదంటారు.

మెనింజియోమాకి రక్తం బాగా అందుతుంది. గడోలినియం అనే కాంట్రాస్టు మందు నరంలోకి ఇవ్వగానే గడ్డ మొత్తం బల్బు వెలిగినట్టు తెల్లగా మెరుస్తుంది. గడ్డ అంచు ఎంత దూరం పాకిందో ఈ మెరుపులోనే తెలుస్తుంది. ఇంజెక్షన్ లేకుండా మొదటి స్కాన్ తీస్తే సగం పనే అయినట్టు.

కిడ్నీలు బాగున్న వాళ్ళకి భయం లేదు. కిడ్నీ బాగా దెబ్బతిన్న వాళ్ళకి మాత్రం డాక్టరు ఆలోచించి, మందు రకం చూసి ఇస్తారు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న కనిగిరి, పామూరు వైపు నుంచి వచ్చేవాళ్ళు, షుగరు ఉన్నవాళ్ళు, డయాలసిస్ మీద ఉన్నవాళ్ళు రక్తంలో క్రియాటినిన్ పరీక్ష ముందే చేయించుకుని ఆ కాగితం తెస్తే రోజంతా కూర్చోవాల్సిన పని ఉండదు.

రిపోర్టులో మాటలు అర్థం కావడం లేదు.

అన్నీ కాకపోయినా, ముఖ్యమైనవి చెబుతాను.

'ఎక్స్‌ట్రా యాక్సియల్' అంటే గడ్డ మెదడు బయట ఉందని అర్థం. దానికి గుర్తు, గడ్డకీ మెదడుకీ మధ్య నీటి గీత కనబడటం. ఇది మంచి మాట.

'డ్యూరల్ టెయిల్' అంటే గడ్డ పక్కన పొర తోకలా మందంగా మెరవడం. ఎక్కువ మెనింజియోమాల్లో ఉంటుంది. అలాగని తోక కనబడితే మెనింజియోమానే అని రాసివ్వలేం, వేరే జబ్బుల్లోనూ వస్తుంది.

'హైపరాస్టోసిస్' అంటే గడ్డ అంటుకున్న చోట ఎముక మందమవడం.

'పెరిలీజనల్ ఎడీమా' అంటే గడ్డ చుట్టూ మెదడు వాచిందని. లక్షణాలు ఎక్కువగా ఉండటానికి చాలాసార్లు గడ్డ కంటే ఈ వాపే కారణం.

'టీ2' అనేది ఎమ్మారైలో తీసే ఒక రకం బొమ్మ. అందులో గడ్డ తెల్లగా ఉందా నల్లగా ఉందా అని సర్జన్లు ప్రత్యేకంగా చూస్తారు. తెల్లగా ఉంటే మెత్తగా ఉండి లాగేయడానికి వీలుగా ఉండొచ్చు. నల్లగా ఉంటే గట్టిగా, పీచులా ఉండొచ్చు, కత్తిరిస్తూ తీయాలి. ఆపరేషన్ ఎంతసేపు పడుతుందో అంచనాకి ఇది పనికొస్తుంది.

'ఎమ్మార్ వీనోగ్రామ్' రాశారంటే గడ్డ నడినెత్తి కింద ఉన్న పెద్ద సిర పక్కన ఉందేమో చూస్తున్నారని. ఆ సిర మూసుకుపోయిందా, ఇంకా పారుతోందా అన్నది తెలియకుండా కత్తి పెట్టరు.

స్కాన్ చూసి ఖాయంగా చెప్పగలరా? ముక్క తీసి పరీక్ష చెయ్యనక్కర్లేదా?

అనుభవం ఉన్న రేడియాలజిస్టు చాలావరకు సరిగ్గానే చెబుతారు. అందుకే చిన్న గడ్డకి ముక్క తీయకుండానే గమనిస్తారు. గ్రేడు మాత్రం స్కాన్‌లో తేలదు. అంచులు గజిబిజిగా ఉండటం, మెదడు వాపు ఎక్కువుండటం, తొందరగా పెరగడం చూసి అనుమానిస్తారు, ఖాయం చేసేది మైక్రోస్కోపే.

రొమ్ము క్యాన్సరు పొరలకి పాకినా, టీబీ పొరలకి పట్టినా ఇదే రూపంలో కనబడొచ్చు. 'ఇంతకు ముందు క్యాన్సర్ వచ్చిందా? టీబీ మందులు వాడారా?' అని అడిగితే దాచకండి. పెళ్ళి సంబంధాల భయంతో టీబీ సంగతి దాచిన ఒక కుటుంబం వల్ల ఆ అమ్మాయికి మూడు నెలలు వృథా అయ్యాయి.

సైజు ఎంత ఉంటే ప్రమాదం?

సైజు ఒక్కటే చూడరు. కంటి నరం పక్కన రేగిపండు అంత గడ్డ ప్రమాదం. పుర్రె పక్క గోడకి ఉన్న నిమ్మకాయ అంత గడ్డ కొందరిలో ఏళ్ళ తరబడి ఏ ఇబ్బందీ పెట్టదు.

సైజు లెక్కలో ఒక మెలిక ఉంది, అది తెలియక చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. 20 మిల్లీమీటర్ల గడ్డ 25 అయిందంటే 'ఐదే కదా' అనిపిస్తుంది. కానీ గుండ్రటి వస్తువు అడ్డం కొలత అంత పెరిగితే లోపలి పరిమాణం దాదాపు రెట్టింపు అవుతుంది. పొదలకూరు నిమ్మకాయల్లో చిన్నదీ, దానికంటే కాస్త పెద్దదీ పిండి చూడండి, రసంలో తేడా తెలుస్తుంది. అదే 20 నుంచి 21 అయితే అది కొలిచిన తేడా కూడా కావచ్చు. వేరే మిషన్, వేరే కోణం, వేరే మనిషి కొలిచినా ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతాయి. అందుకే రిపోర్టులో అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే సరిపోదు. పాత బొమ్మ, కొత్త బొమ్మ పక్కపక్కన పెట్టి ఒకే చోట, ఒకే కోణంలో కొలవాలి. అది చెయ్యాలంటే పాత సీడీ ఉండాలి.

'ఇప్పుడేమీ వద్దు, ఆరు నెలలకి మళ్ళీ స్కాన్ తీయండి' అన్నారు. డాక్టరు చేతులెత్తేసినట్టా?

కాదు. ఇది కూడా వైద్యమే. దెబ్బ తగిలో, తలతిరిగో స్కాన్ తీయిస్తే అనుకోకుండా బయటపడే మెనింజియోమాలు చాలా ఉంటాయి. నలభై ఐదు దాటిన మామూలు మనుషులకి ఎమ్మారై తీసి చూసిన ఒక పెద్ద అధ్యయనంలో దాదాపు వందమందికి ఒకరిలో కనబడింది. వాటిలో చాలా గడ్డలు ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్లు కూడా పెరగవు.

లక్షణాలు లేని చిన్న గడ్డకి మామూలుగా ఆరు నెలలకి ఒక స్కాన్ తీస్తారు. కదలకుండా ఉంటే తర్వాత ఏడాదికోసారి, ఐదేళ్ళు నిలకడగా ఉంటే రెండేళ్ళకోసారి. పెరిగితేనో, లక్షణం మొదలైతేనో అప్పుడు చెయ్యి పెడతారు. డెబ్భై ఐదేళ్ళ మనిషికీ నలభై ఏళ్ళ మనిషికీ ఒకే నిర్ణయం ఉండదు.

మన వాళ్ళు తప్పు చేసేది ఇక్కడే. మొదటి స్కాన్‌కి టెన్షన్‌తో పరుగెత్తుకొస్తారు, రెండోదానికి 'బాగానే ఉందిగా' అని రారు. నాలుగేళ్ళ తర్వాత కాలు లాగుతోందని వస్తారు. మొదటి స్కాన్ గడ్డ ఉందని మాత్రమే చెబుతుంది. దాని నడత ఎలాంటిదో చెప్పేది రెండోదే.

మందులతో కరగదా? నాటుమందు?

గడ్డని కరిగించే మాత్ర లేదు. ఇచ్చే మాత్రలు రెండు రకాలు. వాపు తగ్గడానికి డెక్సామెథసోన్ స్టెరాయిడ్, ఫిట్స్‌కి లెవెటిరాసెటమ్ లాంటివి. స్టెరాయిడ్ పడగానే తలనొప్పి తగ్గి మనిషి లేచి కూర్చుంటాడు, 'నయమైపోయింది' అనుకుంటారు. వాపు తగ్గిందంతే, గడ్డ అక్కడే ఉంది. అది షుగరు పెంచుతుంది, పరగడుపున వేసుకోకూడదు, అకస్మాత్తుగా ఆపకూడదు.

నాటుమందు వాడి చూపు పోయాక వచ్చిన వాళ్ళని చూశాను. పోయిన చూపు తిరిగి తేవడం ఎవరి వల్లా కాలేదు. దీని గురించి ఇంతకంటే రాయలేను.

ఆపరేషన్ ఎవరికి? ఎట్టా చేస్తారు?

లక్షణాలున్నా, గడ్డ పెద్దదైనా, పెరుగుతున్నా, చుట్టూ వాపు ఉన్నా ముందు ఆపరేషనే చెబుతారు. పుర్రెలో కిటికీలా ఎముక ముక్క తీసి, మైక్రోస్కోపు కింద గడ్డని లోపలి నుంచి తొలిచి చిన్నది చేసి, అంచులు మెదడు నుంచి విడదీసి తీస్తారు. తర్వాత ఎముక ముక్క తిరిగి పెట్టి బిగిస్తారు. రక్తం బాగా పారే పెద్ద గడ్డ అయితే ముందురోజో రెండు మూడు రోజుల ముందో యాంజియోగ్రామ్ చేసి గడ్డకి వెళ్ళే నాళాన్ని మూసేయడమూ ఉంది.

గడ్డతో పాటు అది అంటుకున్న పొర, ఎముక కూడా తీయగలిగితే మళ్ళీ వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది. డోనాల్డ్ సింప్సన్ అనే డాక్టరు 1957లోనే ఈ లెక్క తేల్చాడు. అలా పూర్తిగా తీసిన వాళ్ళలో వందకి 9 మందికి తిరిగొచ్చింది, గడ్డ తీసి పొరని కాల్చి వదిలిన వాళ్ళలో 19 మందికి. సర్జన్లు ఇప్పటికీ 'సింప్సన్ గ్రేడు' అని రాస్తారు. మీ డిశ్చార్జి కాగితంలో వెతకండి, లేకపోతే అడిగి రాయించుకోండి. కంటి నరమో, పెద్ద నాళమో అంటుకుని ఉంటే కొంచెం వదిలేస్తారు. అది చేతకాక కాదు, మనిషిని కాపాడటానికి.

ఇప్పుడు చాలాచోట్ల ఆపరేషన్‌లో గడ్డ దగ్గరికి దారి చూపే నావిగేషన్ మిషన్ వాడుతున్నారు. దానికి మిల్లీమీటరు మందం పలుచటి బొమ్మలతో ప్రత్యేకంగా ఎమ్మారై కావాలి. ఇక్కడ స్కాన్ చేయించుకుని చెన్నై వెళ్తే అక్కడ మళ్ళీ తీయమంటారు, జనం 'డబ్బు కోసం' అనుకుంటారు. ఆపరేషన్ చేసే డాక్టరు ఎలాంటి స్కాన్ కావాలంటారో ముందే చీటీ రాయించుకుంటే ఒక స్కాన్ ఖర్చు మిగులుతుంది.

కత్తి పెడితే గడ్డ పాకుతుందంటారు, నిజమా?

నిజం కాదు. ఆపరేషన్ తర్వాత తిరిగొచ్చేది అక్కడ మిగిలిన కణాల నుంచి. కత్తి తగలడం వల్ల ఒళ్ళంతా పాకదు.

కరెంటు పెట్టిస్తే సరిపోతుందా? గామా నైఫ్ అంటే?

మన దగ్గర రేడియేషన్‌ని 'కరెంటు పెట్టడం' అంటారు. ఇందులో కరెంటు షాకు ఉండదు. గామా నైఫ్‌లో కత్తి కూడా ఉండదు. సుమారు రెండు వందల సన్నటి కోబాల్ట్ కిరణాలు ఒకే బిందువు దగ్గర కలిసేలా గురిపెడతారు. మూడు సెంటీమీటర్ల లోపు గడ్డలకి, ఆపరేషన్‌కి అందని చోట మిగిలిన ముక్కలకి ఒకే రోజులో ఇస్తారు. లీనియర్ యాక్సిలరేటర్ మిషన్‌తో కూడా ఇలాంటిది చేస్తారు. గడ్డ పెద్దదైనా, కంటి నరానికి బాగా దగ్గరైనా, గ్రేడు 2, 3 అయినా రోజుకి కొంచెం చొప్పున ఐదారు వారాలు ఇస్తారు.

రేడియేషన్ పెరుగుదలని ఆపుతుంది, గడ్డని మాయం చెయ్యదు. తర్వాతి స్కాన్‌లో గడ్డ అలాగే కనబడితే ఫెయిలైందని కాదు.

ఎక్కడికి వెళ్ళాలి? ఆరోగ్యశ్రీ వస్తుందా?

నెల్లూరు, ఒంగోలులో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రులు ఉన్నాయి, ముందు అక్కడ చూపించండి. కష్టమైన చోట ఉన్న గడ్డలకి తిరుపతి, గుంటూరు, చెన్నై, వేలూరు వెళ్తుంటారు. గామా నైఫ్‌కి బెంగళూరు నిమ్హాన్స్ కూడా ఉంది. పెద్ద ఊరు అని కాకుండా, పుర్రె అడుగు గడ్డలు తరచుగా తీసే సర్జన్ ఎవరని అడగండి.

ఆరోగ్యశ్రీ ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. చేరకముందే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గర అడగండి, ముందస్తు అనుమతి వచ్చాకే ఆపరేషన్ తేదీ ఖాయం అవుతుంది. 104కి ఫోన్ చేసినా చెబుతారు. పథకంలో లేని ఆసుపత్రి అయితే ముఖ్యమంత్రి సహాయ నిధికి పెట్టుకోవడానికి ఒరిజినల్ బిల్లులన్నీ దాచండి.

గర్భిణికి ఉంటే?

గర్భం సమయంలో కొన్ని గడ్డలు ఉబ్బుతాయి. కాంట్రాస్టు లేకుండా ఎమ్మారై తీయొచ్చు. చూపుకి, ప్రాణానికి ముప్పు లేకపోతే కాన్పు అయ్యేదాకా ఆగుతారు. గైనకాలజిస్టు, న్యూరోసర్జన్ ఇద్దరూ మాట్లాడుకోవాలి.

ఆపరేషన్ అయింది. మళ్ళీ స్కాన్ ఎందుకు?

మొదటిది 48 గంటల్లోపు తీస్తే మంచిది. ఆ తర్వాత ఆపరేషన్ గాయం కూడా కాంట్రాస్టుతో మెరుస్తుంది, మిగిలిన ముక్క ఏదో గాయం ఏదో తేడా తెలియదు. అప్పుడు కుదరకపోతే మూడు నెలలకి తీస్తారు. ఆ బొమ్మే మీ కొత్త లెక్కకి మొదటి పేజీ. మైక్రోస్కోపు గ్రేడు 1 అయితే ఏడాదికోసారి, గ్రేడు 2 అయితే ఆరు నెలలకి, గ్రేడు 3 అయితే ఇంకా దగ్గరగా. ఏది మిగిలిందో అర్థం కానప్పుడు పెద్ద నగరాల్లో గాలియం డోటాటేట్ పెట్ స్కాన్ చేస్తున్నారు.

ఇంటికొచ్చాక ఏం జరిగితే వెంటనే పరుగెత్తాలి?

జ్వరం, కుట్ల నుంచి చీము, ముక్కులోంచో కుట్లలోంచో నీళ్ళలా కారడం, మళ్ళీ ఫిట్స్, మగతగా పడి ఉండటం, కొత్తగా చెయ్యో కాలో లాగడం. ఒక కాలి పిక్క వాచి నొప్పి ఉన్నా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా అదే రోజు వెళ్ళాలి, కాలి సిరలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకి చేరే ప్రమాదం ఉంది.

ఫిల్ములు, సీడీలు ఎట్టా దాచుకోవాలి?

ఫిల్ములు వేడికి నల్లబడతాయి. రోహిణి కార్తెలో రేకుల ఇంట్లో అటక మీద పెట్టిన ఫిల్ము తీసి చూస్తే బొమ్మ ఉండదు. బీరువాలో చీరల మధ్య నిలువుగా పెట్టండి. గ్రహణం చూడటానికి పిల్లలకి ఇవ్వకండి, ఫిల్మూ పాడవుతుంది, కళ్ళూ పాడవుతాయి. సీడీ ఇవ్వకపోతే అడిగి తీసుకోండి, అది మీ హక్కు. పెన్‌డ్రైవ్‌లో కాపీ చేయించి వేరే ఊళ్ళో ఉన్న పిల్లల దగ్గర ఒకటి ఉంచండి. ఫిల్ముని ఫోన్‌తో ఫోటో తీసి వాట్సాప్‌లో పెడితే డాక్టరుకి దాంతో కొలవడం కుదరదు.

మా అత్తకి ఆపరేషన్ అయి ఆరేళ్ళు. తోటికోడలితో గొడవలు మళ్ళీ మొదలయ్యాయి. వాసన మాత్రం రాలేదు, పులుసు పొయ్యి మీద పెట్టి గడియారం చూసి దింపుతుంది. ఆమె స్కాన్లన్నీ ఒక గుడ్డ సంచిలో ఉంటాయి, ఎనిమిది సీడీలు, ప్రతిదాని మీద తేదీ నేనే రాశాను. మొన్న స్కాన్‌కి వచ్చినప్పుడు ఆ సంచి నా చేతికిచ్చి, అడక్కముందే మెట్టెలు తీస్తూ కూర్చుంది.